ముందు దశ, మొదటి దశ

నా నోటిలోంచి తీసిన ముక్క పరీక్షా ఫలితం వచ్చిన మూడవ రోజున మా పెద్ద బావమరిది ప్రొద్దుటూరు నుంచి ఒక సంచి నిండా చీనీకాయలు పట్టుకొని వచ్చి, గుమ్మంలోనే నా చేయి పట్టుకొని, "మొదటి దశలోనే దొరికిందంట గదా బావా, ఏం గాదులే" అన్నాడు. ఆయనకు ఆ మాట చెప్పినది నా భార్య. నా భార్యకు చెప్పినది నేను. అయితే నేను చెప్పినది "మొదటి దశ" అని కాదు, "ముందు దశ" అని. కడప జిల్లాలోని కళాశాలల్లో ముప్పై నాలుగేళ్లు తెలుగు పాఠం చెప్పి విశ్రాంతి తీసుకొంటున్న నాకు, ఆ రెండు మాటల మధ్య దూరం ఎంత ఉన్నదో, వంటింటి నుంచి ఫోను దాకా వెళ్లే లోపల అది ఎంత తేలికగా చెరిగిపోతుందో ఆ రోజే తెలిసివచ్చింది.

మొదటి దశ అంటే క్యాన్సర్ ఉన్నదని, అది ఇంకా చిన్నదిగా ఉన్నదని అర్థం. ముందు దశ అంటే క్యాన్సర్ లేదని, కానీ నోటి లోపలి పొరలో కణాల అమరిక చెదిరిందని, ఆ చెదరటం కొందరిలో ముందుకు సాగవచ్చునని, ఎక్కువ మందిలో సాగకపోవచ్చునని అర్థం. మా బంధువులలో సగం మంది మొదటి అర్థాన్ని తీసుకొని పండ్లు తెచ్చారు. మిగిలిన సగం మంది "క్యాన్సర్ కాదన్నాక కోయించుకునేదెందుకు" అని నన్ను మందలించారు. ఈ రెండు వర్గాలలో ఏది ఎక్కువ ప్రమాదకరమని నన్ను అడిగితే రెండవదే అంటాను. పండ్లు తెచ్చినవారు కనీసం మళ్లీ ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలని అడిగారు.

నిజానికి "ముందు దశ" అన్న మాటతో కూడా నాకు పేచీ ఉన్నది. మన భాషలో దశ అంటే దాని తరువాత మరొకటి వచ్చి తీరవలసిందే. శని దశ తరువాత బుధ దశ రాకుండా పోదు. ఈ నోటి మచ్చల విషయంలో ఆ తప్పనిసరి లేదు. వైద్యులకు కూడా ఇదే చిక్కు ఎదురైంది. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున లండన్‌లో సమావేశమైన నిపుణులు "ప్రీ క్యాన్సర్" అన్న పాత పేరును పక్కన పెట్టి, "పొటెన్షియల్లీ మాలిగ్నెంట్ డిజార్డర్స్", అంటే క్యాన్సర్‌గా మారే వీలున్న రుగ్మతలు అని అనాలని సూచించారు. ముందు అన్న మాటలో తరువాత ఏమవుతుందో ముందే చెప్పేసినట్లు ఉంటుంది కాబట్టి ఆ మార్పు అవసరమే. కానీ అంత పొడవైన మాటను వరుసకు బావమరిది అయినవానికి ఫోనులో చెప్పటం ఎవరి తరమూ కాదు.

నా కథకు మూలం వక్క. ఆకు లేదు, సున్నం లేదు, పొగాకు అసలే లేదు, ఒట్టి వక్క. మా జేజి వక్కాకు తిత్తిలో చెన్నూరు తమలపాకులు, పొగాకు కాడ, సున్నపు డబ్బీ అన్నీ ఉండేవి. ఆమె నాకు చిన్నప్పుడు పెట్టినది మాత్రం అడకత్తెరతో కత్తిరించిన వక్క పలుకు ఒక్కటే. ఉద్యోగంలో చేరాక తరగతికి తరగతికి మధ్య నోరు ఎండకుండా ఉండటానికి ఒక పలుకు ఎడమ బుగ్గలో పెట్టుకోవటం అలవాటైంది. రోజుకు పది పన్నెండు పలుకులు. కావ్యాలలో కర్పూర తాంబూలాల వర్ణన వచ్చినప్పుడు పిల్లలు నా బుగ్గ వైపు చూసి నవ్వుకునేవారు. వెనుక బెంచీలో గుట్కా పొట్లం దొరికిన పిల్లవాణ్ణి నిలబెట్టి అరగంట ఉపన్యాసం ఇచ్చినప్పుడు కూడా ఆ పలుకు నా బుగ్గలోనే ఉన్నది. పొగాకు ముట్టనివాణ్ణి అన్న గర్వం నాకు చాలా ఉండేది.

ఆ గర్వానికి ఒకప్పుడు కొంత ఆధారం కూడా లేకపోలేదు. ఫ్రాన్సులోని లియాన్ నగరంలో ఉన్న అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1985లో పొగాకుతో కలిపి వేసుకునే తాంబూలాన్ని మాత్రమే క్యాన్సర్ కారకంగా తేల్చి, పొగాకు లేని దాని విషయంలో సాక్ష్యం చాలదన్నది. 2004లో వెలువడిన నివేదికలో అదే సంస్థ ఆ అభిప్రాయాన్ని మార్చుకొని, పొగాకు లేని తాంబూలమూ, అసలు వక్క తానుగానూ మనుషులలో క్యాన్సర్‌కు కారణమవుతాయని ప్రకటించింది. ఈ సంగతి నాకు తెలిసే సరికి మరో పద్దెనిమిదేళ్లు గడిచాయి. మడకశిర, అమరాపురం వైపు వక్క తోటలలో బంధువులున్న మిత్రుడొకరు ఈ మాట వినగానే నా మీద కోప్పడ్డారు కూడా.

మొదటి సూచన కారం దగ్గర వచ్చింది. పదవీ విరమణకు ఏడాది ముందు, ఒక ఉదయం ఎర్రకారం పూసిన దోశ తింటూ ఉంటే బుగ్గల లోపల నిప్పు పెట్టినట్లయింది. మా ప్రాంతంలో కారం ఎక్కువైందని ఒప్పుకోవటం పరువు తక్కువ పని. కాబట్టి నీళ్లు తాగి ఊరుకున్నాను. తరువాత చిత్రాన్నంలో పచ్చిమిరపకాయ కూడా సహించకపోయింది. ఇంట్లో "వేడి చేసింది" అన్నారు. సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, మజ్జిగ వరుసగా నడిచాయి. మందుల దుకాణంలో బి కాంప్లెక్స్ మాత్రలు, బుగ్గకు పూసుకునే జెల్ ఇచ్చారు. ఇలా ఏడాదిన్నర గడిచింది. ఇప్పుడు ఆలోచిస్తే, కారం తినని ప్రాంతంలో పుట్టి ఉంటే నాకు ఆ మంట ఇంకా ఆలస్యంగా తెలిసేదేమో అనిపిస్తుంది. రోజూ మూడు పూటలా పరీక్ష పెట్టే తిండి మాది.

రెండవ సూచన మనవరాలి పుట్టినరోజున వచ్చింది. బెలూను ఊదుదామంటే బుగ్గలు ఉబ్బలేదు. గాలి పెదవుల దగ్గరే చీదిపోతున్నది. ముసలితనమని అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అప్పటికే సంగటి ముద్ద మునుపటి పరిమాణంలో నోట పట్టటం లేదని, నాకు తెలియకుండానే నా ముద్ద చిన్నదవుతున్నదని నా భార్య తరువాత చెప్పింది.

ఇక్కడ నేను ఒప్పుకోవలసిన తప్పు ఒకటి ఉన్నది. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరినీ రక్తపోటు, మధుమేహంతో పాటు నోటి క్యాన్సర్ విషయంలో కూడా పరీక్షించాలన్న ప్రభుత్వ కార్యక్రమం కింద ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి ఒక పత్రం నింపుతారు. అందులో నోరు తెరవటంలో ఇబ్బంది ఉన్నదా, రెండు వారాలైనా మానని పుండు గానీ మచ్చ గానీ నోటిలో ఉన్నదా, గొంతు మారిందా అన్న ప్రశ్నలు ఉంటాయి. మా వీధికి వచ్చిన అమ్మాయి నా దగ్గర చదివినదే. "సార్, నోట్లో ఏమన్నా ఇబ్బంది ఉందా సార్" అని ఆమె మొహమాటంగా అడిగితే, "ఏమీ లేదమ్మా" అని సంతకం పెట్టి పంపించాను. శిష్యురాలి ముందు నోరు తెరిచి చూపించటానికి మనసు ఒప్పలేదు. తిరువనంతపురం జిల్లాలో 1996 నుంచి ఏళ్ల తరబడి జరిగిన ఒక పెద్ద పరిశీలనలో, శిక్షణ పొందిన సాధారణ ఆరోగ్య కార్యకర్తలు టార్చిలైటుతో నోటిని చూసి అనుమానం ఉన్నవారిని వైద్యుల వద్దకు పంపించటం వల్లనే, పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు దాదాపు మూడవ వంతు తగ్గాయని 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. ఆ అమ్మాయి సంచిలో కూడా టార్చి ఉండే ఉంటుంది.

చివరికి నేను దంతవైద్యుని దగ్గరకు వెళ్లినది పంటి నొప్పితో. ఆయన ఎడమ బుగ్గ లోపల తెల్లగా ఉన్నదని చూసి, పక్కనున్న పన్ను అంచు పదునుగా ఉండి ఒరుసుకొంటున్నదని చెప్పి, ఆ అంచును అరగదీసి పంపించారు. అది సరైన పనే. ఒరిపిడి వల్ల కూడా తెల్లబడుతుంది, కారణం తీసివేస్తే రెండు వారాలలో అది తగ్గిపోతుంది. అయితే ఆ రెండు వారాల తరువాత మళ్లీ వచ్చి చూపించమని ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ చెప్పని మాట వలన ఏడు నెలలు పోయాయి.

ఏడు నెలల తరువాత మా ఊళ్లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలకు వెళ్లాను. ఒక యువ వైద్యురాలు గాజుగుడ్డ వేలికి చుట్టుకొని ఆ తెల్లని మచ్చను గట్టిగా తుడిచింది. తుడిస్తే పోయేది శిలీంధ్రం వలన వచ్చిన పూత. పోలేదు. తరువాత మెడను రెండు వైపులా తడిమి గ్రంథులేమైనా వాచాయా అని చూసింది. చిన్న స్కేలు పెట్టి పై పళ్లకు, కింది పళ్లకు మధ్య దూరం కొలిచి "27 మిల్లీమీటర్లు సార్" అన్నది. మామూలుగా మనిషి తన మూడు వేళ్లు నిలువుగా పెట్టుకొనేంత, అంటే 35 మిల్లీమీటర్లకు పైగా, తెరవగలగాలి. నాకు రెండు వేళ్లు పట్టటమే కష్టమైంది. ఇన్నేళ్లలో ఆ మూడు వేళ్ల పరీక్ష ఒక్కసారైనా అద్దం ముందు చేసి చూసుకోలేదు.

నా నోటిలో ఉన్నవి రెండు. ఒకటి సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. వక్కలోని అరికోలిన్ అనే రసాయనం, వక్కలోనే ఉండే రాగి కలిసి నోటి లోపలి పొర కింది కణాల చేత నారలాంటి కొల్లాజెన్‌ను ఎక్కువగా తయారు చేయిస్తాయి. తయారైనది మామూలుగా కరిగిపోవలసిన తీరులో కరగదు. బుగ్గ లోపలి భాగం గులాబీ రంగు పోయి పాలరాతిలా పాలిపోతుంది, వేలితో తడిమితే నిలువుగా పట్టీలు తగులుతాయి. 1952లో కెన్యాలో ఉన్న అయిదుగురు భారతీయ స్త్రీలలో దీనిని ష్వార్ట్జ్ అనే వైద్యుడు వర్ణించగా, మరుసటి ఏడాది బొంబాయిలో జోషి అనే వైద్యుడు ఈ పేరుతో రాశారు. ఎక్కడికి వలస పోయినా మనవాళ్లు వక్కను, దాని ఫలితాన్ని వెంట తీసుకుపోయారన్న మాట. ఈ రోజుల్లో బస్టాండు దగ్గర పాన్ మసాలా పొట్లం ఒక చేతిలో, పొగాకు పొట్లం మరొక చేతిలో పట్టుకొని రెండూ నోటిలో కలుపుకునే ఇరవై ఏళ్ల పిల్లలకు ఈ బిగుతు మా తరం కంటే చాలా తొందరగా వస్తున్నదని ఆ వైద్యురాలు చెప్పింది.

రెండవది ఆ తెల్లని మచ్చ, ల్యూకోప్లేకియా. ల్యూకోస్ అంటే గ్రీకులో తెలుపు. 1877లో ష్విమ్మర్ అనే హంగేరీ చర్మవైద్యుడు పెట్టిన పేరు ఇది. ఈ పేరు రోగాన్ని చెప్పదు, రంగును మాత్రమే చెబుతుంది. తుడిస్తే పోనిది, ఒరిపిడితో రానిది, మరే ఇతర జబ్బుగానూ తేలనిది ఏదో అది ల్యూకోప్లేకియా. ఒక వస్తువును "ఇది కాదు, ఇది కాదు" అంటూ నిర్వచించటం ఉపనిషత్తులలో చదివాను గానీ వైద్యశాస్త్రంలో కూడా ఉంటుందని అనుకోలేదు. తెల్లగా ఉండే బదులు ఎర్రగా, మఖ్మల్ లాగా ఉండే మచ్చను ఎరిత్రోప్లేకియా అంటారు. అది అరుదు, కానీ చాలా చెడ్డది. 1975లో ప్రచురించిన ఒక పరిశీలనలో అటువంటి ఎర్ర మచ్చల ముక్కలను పరీక్షిస్తే సగానికి పైగా వాటిలో అప్పటికే క్యాన్సర్ ఉన్నది. తెలుపును చూసి భయపడి, ఎరుపును "వేడి" అని వదిలివేసే మన అలవాటు తలకిందులుగా ఉన్నది.

ముక్క తీయటం చిన్న పని. బుగ్గకు మత్తు సూది, చిక్కుడు గింజలో సగం పాటి ముక్క, రెండు కుట్లు, ఫార్మలిన్ సీసా. ఫలితానికి తొమ్మిది రోజులు పట్టింది. కాగితం మీద "మోడరేట్ డిస్ప్లేసియా" అని రాసి ఉన్నది. దాని అర్థాన్ని ఆ వైద్యురాలు చెప్పిన తీరు నాకు బాగా నచ్చింది. "సార్, మన కడప బండలు వరుసలు వరుసలుగా పేర్చిన గోడ అనుకోండి. అడుగున ఒక పునాది ఉంటుంది. అడుగు వరుసల్లోనే బండలు అటూ ఇటూ అయితే అది తక్కువ రకం. సగం ఎత్తు దాటి, పైన మూడో వంతు మాత్రం సరిగ్గా ఉంటే మధ్య రకం. పై దాకా చెదిరితే తీవ్రం. ఇంతవరకు ఏదీ క్యాన్సర్ కాదు. ఆ చెదిరిన బండలు పునాదిని పగలగొట్టి కిందికి దిగినప్పుడే అది క్యాన్సర్" అన్నది. నా గోడ మధ్య రకం. పునాది చెక్కుచెదరలేదు. ముక్కను పలుచగా కోసి అతికించిన ఒకే గాజుపలకను ఇద్దరు నిపుణులు చూసి ఒకరు తక్కువ అనీ మరొకరు మధ్య రకమనీ రాయటం కూడా జరుగుతుందని ఆమె దాచకుండా చెప్పింది.

నేను అడిగినది ఒకే ప్రశ్న, నూటికి ఎంత మందికి మారుతుంది అని. ల్యూకోప్లేకియా ఉన్నవారిలో ఏడాదికి నూటికి ఒకరిద్దరు అన్నది తరచుగా చెప్పే లెక్క. కేరళలో ఫైబ్రోసిస్ ఉన్న 66 మందిని 17 ఏళ్ల పాటు గమనించినప్పుడు అయిదుగురికి క్యాన్సర్ వచ్చింది. కానీ ఈ అంకెలు అందరివీ కలిపి చేసినవి. మచ్చ నాలుక పక్కన గానీ నాలుక కింద గానీ ఉంటే ప్రమాదం ఎక్కువ. పెద్దదైతే, గరుకుగా ఉండి తెలుపులో ఎరుపు కలిసి ఉంటే ఎక్కువ. ఏ అలవాటూ లేనివారికి వచ్చిన మచ్చను తేలికగా తీసుకోకూడదని విన్నప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. అలవాటున్నవానికి కారణం తెలుసు, మానితే కొన్ని మచ్చలు వాటంతట అవే తగ్గుతాయి. కారణమే లేకుండా వచ్చినది మారే అవకాశం మరింత ఎక్కువట.

మచ్చను కోసి తీసివేశారు. కోసినంత మాత్రాన ప్రమాదం పూర్తిగా తొలగదని కోయక ముందే చెప్పారు. 1953లో స్లాటర్ అనే వైద్యుడు, ఆయన సహచరులు నోటి క్యాన్సర్లను పరిశీలించి, కంటికి మామూలుగా కనబడే చుట్టుపక్కల పొర కూడా మారి ఉంటుందని చూపించి, దానికి పొలంతో పోలిక పెట్టారు. చేనుకు తెగులు సోకినప్పుడు ఎండిన మొక్కను పీకివేస్తే పక్క మొక్క బాగున్నట్లు కనబడుతుంది గానీ, గాలి తగిలినది చేనంతటికీ. వేరుశనగ పండించే జిల్లాల వారికి దీనిని ఇంతకంటే విడమరచి చెప్పవలసిన పని లేదు.

ఈ చేను గొంతు దాకా ఉన్నది. నాతో పనిచేసిన భౌతికశాస్త్ర అధ్యాపకుడొకరు గొంతు బొంగురుపోతే సుద్దముక్క పొడి వలన అనుకొని నాలుగు నెలలు మిరియాల కషాయం తాగారు. సిగరెట్టు మాత్రం మానలేదు. మూడు వారాలకు మించి గొంతు బొంగురుగా ఉంటే ముక్కు చెవి గొంతు వైద్యుని చేత చూపించుకోవాలన్న నియమం ఆయనకు తెలియదు. గొట్టం వేసి చూస్తే స్వరతంత్రి మీద తెల్లని పొర ఉన్నది. నా బుగ్గలో ఉన్నదాని దాయాదే. దానిని తీసివేశాక ఇప్పుడు మళ్లీ పాఠం చెబుతున్నారు. శ్రీకాకుళం వైపు చుట్టను వెలిగించిన కొనను నోటి లోపల పెట్టుకొని అడ్డపొగ తాగే స్త్రీలకు ఇదే మార్పు అంగిట్లో వస్తుంది. ఏ ప్రాంతపు అలవాటు ఎక్కడ తగిలితే అక్కడ దాని గుర్తు.

వక్క మానటం గురించి నేను రాయగలిగినది ఒక్కటే. కోత కంటే అది కష్టమైంది. ఉదయం పదకొండు గంటలకు, మునుపు రెండవ తరగతి అయ్యే వేళకు, చేయి దానంతట అదే జేబులోకి పోయేది. సోపు గింజలు దానికి సాటి రాలేదు. నలభై రోజుల తరువాత గానీ ఆ పదకొండు గంటలు మామూలు గంట కాలేదు. లైకోపీన్ మాత్రలు కూడా రాశారు. టమోటాకు ఎరుపు ఇచ్చే పదార్థమది. ధర పడిపోయినప్పుడు మదనపల్లె రైతులు రోడ్డు మీద పారబోసే పంటలోని సారాన్ని నేను మాత్రకు ఇంత అని కొనుక్కొంటున్నాను.

బిగిసిన బుగ్గ మాత్రం మానివేయగానే వదలదు. దానికి వ్యాయామం ఐస్‌క్రీమ్ పుల్లలు. పుల్లలను దొంతరగా పేర్చి పళ్ల మధ్య పెట్టుకొని, కొంతసేపు అలాగే ఉండి, కొన్ని రోజులకు ఒక పుల్ల పెంచాలి. మొదలు పెట్టినప్పుడు పదమూడు పుల్లలు పట్టేవి. రెండేళ్లకు పదహారు అయ్యాయి. ఒక్కొక్క పుల్ల వెనుక నెలల నొప్పి ఉన్నది. మనవరాలు వాటి మీద అంకెలు వేసింది. పదిహేడవ దాని మీద కూడా వేసి పెట్టింది.

పరీక్షలు మొదటి ఏడాది మూడు నెలలకు ఒకసారి, తరువాత ఆరు నెలలకు ఒకసారి. మొన్న వెళ్లినప్పుడు వైద్యురాలు పాత కోత మచ్చకు కొంచెం వెనుక వేలు పెట్టి ఆగింది. లేత తెలుపు, గోరంత. ఈ మధ్యనే ఆ పక్క పంటికి తొడుగు వేయించుకున్నాను, దాని అంచు తగులుతున్నది. ఆ అంచును నునుపు చేసి, ఫోటో తీసుకొని, ఈసారి నేను అడగక ముందే తేదీ రాసి ఇచ్చింది. పోకపోతే మళ్లీ ముక్క తీస్తారు. ఇంట్లో ఈ సంగతి చెప్పేటప్పుడు "దశ" అన్న మాట వాడలేదు. "రెండు వారాలు చూస్తారంట" అని మాత్రమే అన్నాను. ఆ రెండు వారాలు వచ్చే సోమవారానికి పూర్తవుతాయి.